బాత్రూమ్ గోడలో ఆస్‌బెస్టాస్: మెల్‌బోర్న్‌లో మాకు జరిగింది ఇదీ

మెల్‌బోర్న్ నోబుల్ పార్క్‌లో మాది 1972లో కట్టిన ఇల్లు. బయటికి ఇటుక గోడ, లోపల చెక్క ఫ్రేమ్, నేల కింద మనిషి పాకుతూ వెళ్లేంత ఖాళీ. మనవాళ్లు ఎక్కువమంది టార్నీట్, పాయింట్ కుక్ వైపు కొత్త ఇళ్లు కొనుక్కుంటారు కాబట్టి వాళ్లకు ఈ తలనొప్పి ఉండదు. స్టేషన్ దగ్గర, స్థలం పెద్దది అని మాలాగా పాత ఇళ్లు కొన్నవాళ్ల కోసం రాస్తున్నాను. బాత్రూమ్ బాగు చేయించుకుందామని మొదలుపెట్టి ఆస్‌బెస్టాస్‌లో ఇరుక్కున్నాం, అంటే సిమెంటు రేకుల్లో కలిపే సన్నటి ఖనిజ పోగులు. ఏం జరిగిందో, ఎంతయిందో, ఎక్కడ ఆగిపోయామో ఉన్నదున్నట్టు చెబుతాను.

2025 ఫిబ్రవరి 8, శనివారం. టైల్స్ పనిచేసే అతను పొద్దున ఏడింటికే వచ్చాడు. తెలిసినవాళ్లు చెప్పిన మనిషి, తెలుగతనే. పది గంటలకల్లా ఒక గోడ టైల్స్ సగం ఊడగొట్టాడు. టైల్స్‌తో పాటు వెనక ఉన్న షీట్ కూడా పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. కింద పడిన ముక్కలు చీపురుతో ఊడ్చి, దుమ్ము ఎక్కువైందని మా వాక్యూమ్ క్లీనర్ అడిగి తీసుకుని అదీ పట్టాడు. అప్పటికి ఎవరికీ ఏ అనుమానమూ లేదు.

పదకొండింటికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి లైను లాగడానికి. యాభై దాటిన మనిషి. ముందు బయట మీటర్ బాక్స్ తెరిచి చూశాడు. లోపల ఫ్యూజులు బిగించి ఉన్న నల్ల బోర్డును చూసి డ్రిల్ పక్కన పెట్టేశాడు. "ఇల్లు ఏ ఏడాది కట్టింది?" అన్నాడు. చెప్పాను. "ఈ బోర్డులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. దీనికి నేను బెజ్జం పెట్టను" అని, లోపల్నుంచి వస్తున్న సుత్తి చప్పుడు విని గబగబా బాత్రూమ్‌లోకి వెళ్లాడు. గోడకి ఇంకా అంటుకుని ఉన్న షీట్ విరిగిన అంచును చూశాడు. ముట్టుకోలేదు, వంగి చూశాడంతే. బూడిద రంగు సిమెంటు మధ్యలోంచి సన్నటి తెల్లటి పోగులు, వెంట్రుకల్లా, బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. "అందరూ బయటికి రండి. ఏసీ ఆపండి. తలుపు వేసేయండి" అన్నాడు.

టైల్స్ అతను మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "ఏం కాదక్కా. ఇలాంటివి బోలెడు పీకాను. కాసిని నీళ్లు కొట్టి లాగేస్తే సాయంత్రానికి అయిపోతుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట వినాలనే అనిపించింది. ఇంటికి ఒకటే బాత్రూమ్, ఇంట్లో ఆరుగురం. అత్తయ్యగారు, మామయ్యగారు ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. కానీ ఎలక్ట్రీషియన్ ఒక్క ముక్క చెప్పాడు: మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో డబ్బు తీసుకుని పనిచేసే మనిషి పది చదరపు మీటర్లు దాటి ఆస్‌బెస్టాస్ షీట్లు తీయాలంటే లైసెన్సు ఉండి తీరాలి. పది మీటర్లలోపు అయినా వారంలో మొత్తం గంట కంటే ఎక్కువ ఆ పని చేయకూడదు. మా బాత్రూమ్ గోడలు ఎలా కొలిచినా పదిహేను మీటర్లకు తగ్గవు. టైల్స్ అతనికి లైసెన్సు లేదు. సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. అడ్వాన్సులో ఐదొందల డాలర్లు పొద్దున్న చేసిన పనికి పట్టుకున్నాడు. ఆ గొడవ మళ్లీ ఎత్తుకునే ఓపిక మాకు లేకపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా పాపకు నాలుగేళ్లు. పనివాళ్లు టీ తాగుతుండగా అది బాత్రూమ్ గుమ్మం దాకా ఒట్టి కాళ్లతో వెళ్లి, ఒక ముక్క తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. "చాక్‌పీస్" అంది. అదే కళ్లముందు తిరుగుతోంది. ఫోన్‌లో ఏం వెతికినా మీసోథీలియోమా అనే మాటే కనిపిస్తోంది. పీల్చాక ముప్ఫై నలభై ఏళ్లకు బయటపడే క్యాన్సర్. పాప వయసుకు నలభై కలిపి లెక్కేసుకుంటూ కూర్చున్నాను. మా ఆయన ఫోన్ లాక్కుని సోఫా కింద పెట్టాడు.

మామయ్యగారిది ఇంకో రకం టెన్షన్. ఆయనకు అసలు విషయమే అర్థం కాలేదు. "సిమెంటు రేకే కదమ్మా ఇది? మన ఊళ్లో గొడ్ల చావిడి మీద నేను ఉద్యోగంలో చేరిన ఏడాది వేయించాను. ఇప్పటికీ ఉన్నాయి. మా నాన్న వాటి కిందే మంచం వేసుకుని తొంభై ఏళ్లు బతికాడు. గోడలో ముక్క విరిగిందని ఇల్లు ఖాళీ చేస్తారా ఎవరన్నా?" అన్నారు. ఆయన అడిగింది కొట్టిపారేసే ప్రశ్న కాదు. మన దేశంలో ఆస్‌బెస్టాస్ తవ్వడం ఆగిపోయింది కానీ, బయటి దేశాల నుంచి తెచ్చిన తెల్ల ఆస్‌బెస్టాస్‌తో రేకులు చేసి అమ్మడం ఇప్పటికీ చట్టబద్ధమే. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల దగ్గర గనులే ఉండేవి. అలాంటిచోట పుట్టి పెరిగిన మనిషికి, 2003 డిసెంబరు 31 నుంచి అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ పూర్తిగా నిషేధించిన దేశంలో ఈ హడావిడి వింతగానే ఉంటుంది. దీని గురించి మా ఇంట్లో నెలంతా వాదన నడిచింది, మళ్లీ చెబుతాను.

ఆదివారం అంతా ఫోన్లే. ఇక్కడ నాకు తెలిసొచ్చిన మొదటి విషయం: తీసేవాళ్లకు ముందు ఫోన్ చేయకూడదు. చేస్తే "చూడక్కర్లేదు, అది ఆస్‌బెస్టాసే" అని అక్కడికక్కడే రేటు చెబుతారు. వాళ్లతో సంబంధం లేని ఆక్యుపేషనల్ హైజీనిస్ట్‌ను (దుమ్ము, గాలి లాంటి ప్రమాదాలను పరీక్షించే నిపుణులు), లేదా ఆస్‌బెస్టాస్ అసెసర్‌ను పిలిచి శాంపిల్స్ తీయించాలి. ఆ శాంపిల్స్ నాటా (ఇక్కడ ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి వెళ్లాలి. ఫోన్‌లో అడిగేటప్పుడు "డివిజన్ 6 కావాలి" అంటే చాలు, వాళ్లకు అర్థమైపోతుంది. పగలగొట్టే ముందో, మార్పులు చేసే ముందో చేయించే ఆడిట్‌కి విక్టోరియాలో పనివాళ్లు వాడే మాట అది. ఉన్నది ఉన్నట్టు వదిలేసి కనిపెట్టుకుని ఉండటానికి చేయించేదాన్ని డివిజన్ 5 అంటారు. మా ఇల్లు చిన్నది కాబట్టి పూర్తి ఆడిట్ వద్దని, అనుమానం ఉన్నచోటల్లా శాంపిల్స్ తీస్తానని మేం పిలిచిన హైజీనిస్టే సలహా ఇచ్చింది.

ఫిబ్రవరి 11, మంగళవారం వచ్చింది. నేను సినిమాల్లోలా తెల్ల సూట్ వేసుకుని వస్తుందనుకున్నాను. మామూలు ప్యాంటు చొక్కా, మెడలో సగం ముఖం మాస్క్, చేతిలో పనిముట్ల పెట్టె. బాత్రూమ్‌లో పని ఎంత నెమ్మదిగా చేసిందంటే చూస్తుంటే నా భయం సగం తగ్గింది. స్ప్రే బాటిల్‌లో నీళ్లు, అందులో రెండు చుక్కలు గిన్నెల సబ్బు. విరిగిన అంచును ముందు తడిపింది. కింద తడిగుడ్డ పరిచింది. పట్టకారుతో బొటనవేలి గోరంత ముక్క తుంచి జిప్ కవర్‌లో వేసింది, ఆ కవర్‌ను ఇంకో కవర్‌లో పెట్టింది, మార్కర్‌తో నంబర్ రాసింది. తుంచిన చోట టేప్ అంటించింది. పట్టకారును తడి టిష్యూతో తుడిచి ఆ టిష్యూను కూడా కవర్‌లో వేసింది. తర్వాత లాండ్రీ గోడ, వంటింటి కింద పాత వినైల్ నేల, చూరు కింద షీట్, మీటర్ బోర్డు. చివరగా మా వాక్యూమ్ క్లీనర్ సంచి. దాన్ని ఇంట్లో తెరవనివ్వలేదు, గరాజ్ బయటికి తీసుకెళ్లి అక్కడ దుమ్ము తీసుకుంది. ఆరు శాంపిల్స్, విజిట్‌తో కలిపి 540 డాలర్లు. త్వరగా కావాలంటే ఇరవై నాలుగు గంటల్లోనూ ఇస్తారు, రేటు పెరుగుతుంది. మేం మూడు రోజులదే తీసుకున్నాం.

పాప సంగతి అడిగాను. ఆవిడ దాటేయలేదు. "సిమెంటులో బిగిసి ఉన్న షీట్ ఇది. పొడిపొడిగా రాలిపోయే రకం కాదు. ఒక ముక్క చేత్తో పట్టుకున్నంత మాత్రాన ఊపిరితిత్తుల్లోకి పోయేది చాలా తక్కువ. నాకు ఎక్కువగా నచ్చనిది ఆ వాక్యూమే" అంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ ఫిల్టర్ ఆ పోగులను ఆపలేదట. లోపలికి పీల్చి వెనకనుంచి గదిలోకి ఊదేస్తుంది. బాత్రూమ్ తలుపు సందులన్నీ టేప్ వేసి మూసేయమంది. హాల్ నేలను పొడి చీపురు ముట్టకుండా తడిగుడ్డలతో తుడిచి, ఆ గుడ్డలు కవర్‌లో కట్టి బాత్రూమ్‌లోనే పడేయమంది. డక్టెడ్ కూలింగ్ వాడొద్దంది. ఎండలు మండుతున్న వారం అది. కిటికీలు తెరుచుకుని బతికాం.

స్నానాల ఏర్పాటు గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. టాయిలెట్ ఈ పాత ఇళ్లలో బాత్రూమ్‌కు వేరుగా ఉంటుంది, అది అదృష్టం. షవర్ కోసం కౌన్సిల్ స్విమ్మింగ్ పూల్‌కి ఫ్యామిలీ పాస్ తీసుకున్నాం. పిల్లలకు పండగే. అత్తయ్యగారు అలాంటిచోట స్నానం చేయనంటే చేయనన్నారు. మామయ్యగారు గరాజ్‌లో డ్రైన్ దగ్గర ప్లాస్టిక్ కర్టెన్ కట్టి, రెండు బక్కెట్లు, ఒక చెంబు, ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టి ఇద్దరికీ స్నానాల గది తయారుచేశారు. ఈ దేశం వచ్చాక ఆయన ఇంత ఉత్సాహంగా ఉండగా నేను చూడలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. బాత్రూమ్ గోడ: క్రైసోటైల్, అమోసైట్ రెండూ ఉన్నాయి. అంటే తెల్లదీ, గోధుమ రంగుదీ. లాండ్రీ: ఉంది. చూరు: ఉంది. మీటర్ బోర్డు: ఉంది. వాక్యూమ్ దుమ్ము: ఉంది. వంటింటి వినైల్: లేదు. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది వినైల్ గురించే, ఎందుకంటే పాత వినైల్ వెనక అట్టలా ఉండే పొరలో ఆస్‌బెస్టాస్ ఉంటే అది పొడిగా రాలే రకం కిందికి వస్తుంది. దానికి ఎ క్లాస్ లైసెన్సు ఉన్నవాళ్లే కావాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది. మా షీట్లకు బి క్లాస్ సరిపోయింది. విచిత్రంగా ఆ రాత్రి నిద్ర పట్టింది. తెలియకపోవడమే నన్ను తినేసింది, తెలిశాక అది చేయించాల్సిన పనుల్లో ఒకటైపోయింది.

ఇంటి ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాం. వర్తించదన్నారు. ఇల్లు కొనేటప్పుడు చేయించిన బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు తీసి చూస్తే, ఆస్‌బెస్టాస్ పరిశీలన ఇందులో చేర్చలేదని చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది. ఇక్కడ అందరి రిపోర్టుల్లోనూ దాదాపు అలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. 1990కి ముందు కట్టిన ఇల్లు కొంటున్నవాళ్లు ఆ పేజీ ముందే చదువుకోండి.

తర్వాతి వారమంతా కొటేషన్లు. ఒకాయన ఫోటోలు చూసి ఫోన్‌లోనే "క్యాష్ అయితే 1,800" అన్నాడు. లైసెన్సు నంబర్ అడిగాను. పంపుతానన్నాడు, మళ్లీ ఫోన్ ఎత్తలేదు. పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ వర్క్‌సేఫ్ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లు వెతుక్కోవచ్చు, అక్కడ చూసుకునే మిగతావాళ్లను పిలిచాం. రెండో ఆయన ఇంటికొచ్చి, నిచ్చెనేసి చూరంతా చూసి, ఇల్లు మొత్తం శుభ్రం చేస్తే 6,700 అన్నాడు. మూడో ఆయన బాత్రూమ్, చెడిపోయిన వాక్యూమ్, చెత్త తరలింపు అన్నీ కలిపి 3,900 అన్నాడు. లాండ్రీ, చూరు సంగతి అడిగితే, "రంగు వేసి ఉంది, పగుళ్లు లేవు, దాని జోలికి మీరు పోకపోతే అది మీ జోలికి రాదు. డబ్బు దండగ" అన్నాడు. తన బేరం తనే తగ్గించుకున్న మనిషిని నమ్మబుద్ధైంది. హైజీనిస్ట్‌ను అడిగితే ఆవిడా అదే మాట అంది.

మూడో ఆయన్ని ఖాయం చేసుకున్నాం కానీ వెంటనే మొదలుపెట్టడానికి లేదు. లైసెన్సుదారు పని మొదలయ్యే కనీసం ఐదు రోజుల ముందు వర్క్‌సేఫ్‌కి నోటీసు ఇవ్వాలి. దానికి వాళ్ల ఖాళీ కూడా కుదరాలి. మార్చి 6, గురువారం ఇచ్చాడు. ఈలోగా కొత్త టైల్స్ డెలివరీ వచ్చి వరండాలో పడ్డాయి, కుళాయిలు వచ్చాయి, పెట్టెల మధ్య దారి చేసుకుని నడిచాం. ఫలితం రాకముందు సామాను ఆర్డర్ పెడితే ఇంతే.

మధ్యలో డాక్టర్ దగ్గరికి పాపను తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీయమంటాననుకుని ఆయన ముందే చెప్పాడు, ఇప్పుడు ఎక్స్‌రే తీసినా, రక్తపరీక్ష చేసినా ఏమీ కనపడదు, అనవసరంగా పిల్లకు రేడియేషన్. ఏళ్ల తరబడి రోజూ ఆ దుమ్ములో పనిచేసినవాళ్లకు ఉండే ప్రమాదం వేరు, ఒకరోజు కాసేపు పక్కన ఉండటం వేరు అన్నాడు. తేదీ, ఏం జరిగిందో పాప రికార్డులో రాశాడు. ఫెడరల్ ప్రభుత్వం నడిపే నేషనల్ ఆస్‌బెస్టాస్ ఎక్స్‌పోజర్ రిజిస్టర్ ఉంది, అందులో ఆన్‌లైన్‌లో మనమే నమోదు చేసుకోవచ్చని చెప్పాడు. ఇంటికొచ్చి మా అందరి పేర్లూ నింపాను. దానివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేదేం లేదు, కానీ ఎప్పుడైనా అవసరం పడితే తేదీతో సహా ఒకచోట ఉంటుంది.

మామయ్యగారితో వాదన ఈ రోజుల్లోనే కాస్త మలుపు తిరిగింది. పక్కింట్లో ఒక ముసలాయన ఉన్నారు, రిటైరైన వడ్రంగి. కంచె దగ్గర నిలబడి ఇద్దరూ వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో మాట్లాడుకుంటారు. ఆయన తన తోటి పనివాళ్ల గురించి చెప్పాడట, మర రంపంతో రోజంతా ఈ షీట్లు కోసినవాళ్లు, ఇళ్లకు తెల్లగా దుమ్ము కొట్టుకుని వెళ్లినవాళ్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలో విట్టెనూమ్ అనే ఊరి గురించి చెప్పాడు, నీలం ఆస్‌బెస్టాస్ గని 1966లో మూసేసినా ఊరికి ఊరే మిగల్లేదని. కాన్‌బెర్రాలో అటకల మీద పొడి ఆస్‌బెస్టాస్ ఊదించుకున్న వెయ్యికి పైగా ఇళ్లను ప్రభుత్వమే కొని కూల్చిన సంగతీ చెప్పాడు. మామయ్యగారు లోపలికొచ్చి, "రేకు కింద పడుకున్నవాడికి కాదు, రేకు కోసినవాడికి అన్నమాట ప్రమాదం" అన్నారు. నెల రోజులు నేను చదివి చెప్పింది బుర్రకెక్కలేదు, కంచె దగ్గర పది నిమిషాల్లో ఎక్కింది. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

మార్చి 6. ఇద్దరు మనుషులు ఏడింటికి వచ్చారు. పిల్లలు స్కూల్‌కి, చైల్డ్‌కేర్‌కి వెళ్లిపోయారు. మమ్మల్ని ఉండొద్దన్నారు, కానీ వాళ్లకు కుళాయి, కరెంటు, ట్రక్ పెట్టుకోవడానికి డ్రైవ్‌వే కావాలి. అది ముందురోజే అడిగి పెట్టుకుంటే మంచిది, మా కారు అడ్డం ఉండి అరగంట పోయింది. బాత్రూమ్ నుంచి వెనక తలుపు దాకా నేలంతా ప్లాస్టిక్ పరిచారు. గేటుకు, తలుపుకు ఆస్‌బెస్టాస్ ప్రమాదం అని పసుపు, ఎరుపు బోర్డులు కట్టారు. వీధి వీధంతా ఒకసారి మా ఇంటివైపు చూసింది. అత్తయ్యగారికి అదే పెద్ద అవమానంగా తోచింది. "ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుంటారమ్మాయ్" అన్నారు. ఆవిడను, మామయ్యగారిని కారెక్కించుకుని క్యారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయానికి వెళ్లాను. మధ్యాహ్నం దాకా అక్కడే.

ఒంటిగంటకు షీట్లు తీసే ఆయన ఫోన్. "ఒక చిన్న విషయం" అన్నాడు. ఆ మాటతో మొదలయ్యే ఫోన్ ఏ రిపేరులోనూ చిన్నది కాదు. బాత్‌టబ్ తీసి చూస్తే, కింద నేల సందులో 1972లో కట్టినవాళ్లు కోసి మిగిలిన షీట్ ముక్కలు కుప్పగా పడేసి ఉన్నాయట. అప్పట్లో అదంతా మామూలేనట, చెత్త మోసుకెళ్లే శ్రమ తప్పుతుందని ఇంటి కిందే నెట్టేసేవాళ్లు. వాటికి అదనంగా 750. ఫోటోలు పంపాడు. వద్దని ఎలా అంటాం? టబ్ మళ్లీ బిగించాక అక్కడికి ఎవరూ వెళ్లలేరు. సరేనన్నాం. మీరు కొటేషన్ తీసుకునేటప్పుడు నేల కింద కూడా టార్చి వేసి చూడమనండి.

ఇంకో సంగతి, గోడకు మిగిలిన టైల్స్‌ను విడదీయరు. షీట్‌కు అంటుకుని ఉన్నవి షీట్‌తోనే పోతాయి, అన్నీ ఆస్‌బెస్టాస్ చెత్త లెక్కే. బరువు పెరిగి డంపింగ్ ఖర్చు అందుకే అంత. మా ఆయన సాయంత్రం కాస్త ముందే వచ్చి చివరి భాగం కిటికీలోంచి చూశాడు. ఒకతను నీళ్లు చల్లుతూనే ఉన్నాడు, రెండో అతను మేకులు ఒక్కొక్కటీ వదులు చేసి షీట్‌ను విరగనివ్వకుండా నిలువుగా దించాడు. దించినదాన్ని రెండు వందల మైక్రాన్ల మందం ప్లాస్టిక్‌లో రెండు చుట్లు చుట్టి, టేప్ వేసి, స్టిక్కర్ అంటించాడు. వాక్యూమ్ క్లీనర్ కూడా అలాగే చుట్టుకుని వెళ్లింది, పెట్టెలో పెట్టిన శవంలాగా. తర్వాత చెక్క ఫ్రేమంతా వాళ్ల ప్రత్యేకమైన ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో పట్టి, తడిగుడ్డతో తుడిచారు.

నాలుగింటికి మా హైజీనిస్ట్ వచ్చింది. తీసినవాళ్లే "శుభ్రం" అని రాసిచ్చే కాగితం వద్దని, సంబంధం లేని మనిషి క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలని నేను ముందే పట్టుబట్టాను. గాలి పరీక్ష తప్పనిసరి కాదంది. నా మనశ్శాంతికి పెట్టమన్నాను. రెండూ కలిపి 620. టార్చి పక్కనుంచి వేసి ప్రతి అంచూ చూసింది. ఒకచోట కిటికీ చెక్క వెనక గోరంత ముక్క కనిపించింది. వాళ్లను వెనక్కి పిలిచి మళ్లీ తుడిపించింది. ఆ ఒక్క ముక్కతో ఆవిడకిచ్చిన డబ్బు గిట్టుబాటైంది అనుకున్నాను. గాలి ఫలితం మర్నాడు వచ్చింది, మిల్లీలీటరుకు 0.01 పోగు కన్నా తక్కువ. సర్టిఫికెట్ చేతికొచ్చింది. షీట్లు దింపిన చోట ఇచ్చిన తూకం రశీదు మాత్రం రెండుసార్లు గుర్తుచేస్తే గానీ పంపలేదు. అది అడిగి తీసుకోండి. చెత్త చట్టప్రకారం చేరాల్సిన చోటికే చేరిందనడానికి అదొక్కటే సాక్ష్యం.

మీటర్ బోర్డు మార్చడం ఎలక్ట్రీషియన్ 1,600కి చేశాడు. కరెంటు కంపెనీ వచ్చి సప్లై ఆపాలి కాబట్టి దాని తేదీ కోసం విడిగా ఎదురుచూశాం, అది మార్చి చివరి వారానికి గానీ కుదరలేదు. శాంపిల్స్ 540, తీయడం 4,650, క్లియరెన్స్ 620, బోర్డు 1,600, కొత్త వాక్యూమ్ 380, పోయిన అడ్వాన్సు 500. అంతా కలిపితే ఎనిమిది వేల మూడొందలకు కాస్త తక్కువ. ఒక్క కొత్త టైల్ కూడా అంటించకముందు ఖర్చు అది. బాత్రూమ్ బడ్జెట్‌లో అనుకున్న గ్లాస్ తలుపు పోయింది, వేడి నేల పోయింది.

పని వేరే అతనితో మొదలైంది. మార్చి 30న ఉగాదికల్లా అయిపోవాలని మామయ్యగారి కోరిక. వాటర్‌ప్రూఫింగ్ ఆరడానికి రోజులు పట్టింది, కాలేదు. ఉగాది తలంటు గరాజ్‌లోనే అయింది. ఏప్రిల్ మూడో వారానికి షవర్ వచ్చింది.

లాండ్రీ, చూరు అలాగే ఉన్నాయి. వాటి రిపోర్టు కాపీ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి కొత్త మీటర్ బాక్స్ తలుపుకు లోపలివైపు అంటించాం, వచ్చే ఏ పనివాడికైనా ముందు అదే కనపడాలని. పెయింటర్‌కు చూరు మీద శాండింగ్ చేయొద్దని, ప్రెషర్ వాషర్ పెట్టొద్దని చెప్పాం. కడిగి, తుడిచి, రంగు వేస్తే చాలు. రేపు ఇల్లు అమ్మినా ఆ రిపోర్టు కొనేవాళ్లకు ఇస్తాం, తెలిసి దాచే విషయం కాదు.

వెళ్లేముందు మామయ్యగారు ఒంగోలులో ఉన్న మా మరిదికి ఫోన్ చేశారు. ఊళ్లో చావిడి రేకులు తీసి టిన్ రేకులు వేయించాలని వాడు ముందే అనుకుంటున్నాడు. "సుత్తితో పగలగొట్టించకు. ముందు పైపుతో బాగా తడిపించు. నట్లు కోయకుండా విప్పించు, తుప్పు పట్టి రాకపోతే నూనె వేసి రాత్రంతా వదిలేయ్. పైకి ఎక్కినవాళ్లకు మాస్కులు కొనివ్వు, గుడ్డ కాదు, మందుల షాపులో ఎన్ 95 అని అడుగు" అని ఒక్కొక్కటీ చెప్పారు. అక్కడ లైసెన్సులాంటిదేం అడగరు, ట్రక్ వచ్చి తీసుకెళ్లదు. మొన్న మరిది చెప్పాడు, రేకులు ఒక్కటి తప్ప అన్నీ విరగకుండా దిగాయట. దింపినవి దొడ్లో పేర్చి పట్టా కప్పారు. పక్కింటాయన గేదెల పాకకు అడిగాడట. కొత్తగా బెజ్జాలు కొట్టకుండా, కోయకుండా వేసుకుంటానంటేనే ఇమ్మన్నారు మామయ్యగారు. విరిగిన ఆ ఒక్కదాన్ని తడిపి, యూరియా బస్తాల్లో కట్టి ఉంచమన్నారు, తను వచ్చి చూస్తానని.